అడుగు కుదిరితేనే అగ్గి: 'అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్' ధారావాహికపై ఒక సమీక్ష

మా ఇంట్లో ఈ ధారావాహికను అందరికన్నా శ్రద్ధగా చూసినవాడు ఇంగ్లిషు ఒక్క ముక్క రాని మా బాపు. ఆయనకు డెబ్బై దాటాయి. పరకాల దగ్గరి మా ఊళ్లో వయసులో ఉన్నప్పుడు ఉస్తాద్ దగ్గర కర్రసాము నేర్చుకొని, పీర్ల పండుగకూ దసరాకూ ఊరి నడుమ ఆడి చూపినవాడు. హనుమకొండలో మా ఇంటికి వచ్చి నెల రోజులు ఉన్నప్పుడు, పదకొండేళ్ల మా అబ్బాయి సాయంత్రాలు పెట్టుకొని చూస్తున్న ఈ బొమ్మల సీరియల్ ముందు మొదట కాలక్షేపానికే కూర్చున్నాడు. రెండో రోజుకు కుర్చీ ముందుకు జరుపుకొన్నాడు. మూడో రోజున, గాలి విద్య తెలిసిన బాలుడు శత్రువు చుట్టూ గిర్రున తిరిగి తప్పించుకొనే పోరాటం చూసి, "గీ పిలగాడు ఎదురు నిలవడి కొట్టడు బిడ్డా, చుట్టూ తిరుగుతడు. మా ఉస్తాద్ గిట్లనే తిరిగేటోడు" అన్నాడు. పిల్లల కార్యక్రమమని అప్పటిదాకా పట్టించుకోని నేను ఆ మాట విన్నాక మొదటి నుంచి చూడటం మొదలుపెట్టాను. 61 ఎపిసోడ్లనూ రెండుసార్లు పూర్తిగా చూసిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను.

దీన్ని సృష్టించినవారు మైఖేల్ డాంటే డిమార్టినో, బ్రయాన్ కొనియెట్జ్‌కో అనే ఇద్దరు అమెరికన్లు. నికలోడియన్ చానల్‌లో 2005 ఫిబ్రవరి 21న మొదలై 2008 జులై 19న ముగిసింది. బొమ్మలకు ప్రాణం పోసిన పని చాలావరకు దక్షిణ కొరియా స్టూడియోలలో జరిగింది. కథ మూడు గ్రంథాలుగా నడుస్తుంది. మన అలవాటులో వీటిని కాండలు అనుకోవచ్చు. జలకాండలో 20, పృథ్వీకాండలో 20, అగ్నికాండలో 21 ఎపిసోడ్లున్నాయి. ఆ లోకంలో నాలుగు జాతులు నీరు, నేల, నిప్పు, గాలి అనే నాలుగు భూతాలను ఆశ్రయించి బతుకుతాయి. ప్రతి జాతిలోనూ కొందరికి తమ భూతాన్ని దేహచలనంతో నడిపించే విద్య పుట్టుకతో ఉంటుంది. ఆ విద్యను వాళ్లు బెండింగ్ అంటారు. నాలుగు విద్యలూ ఒక్క అవతార్‌కే సాధ్యం. ఆ అవతార్ మరణించి మళ్లీ మరొక జాతిలో పుడుతుంటాడు. అగ్నిరాజ్యం తోకచుక్క ఇచ్చిన బలంతో వాయుజాతిని సమూలంగా నాశనం చేసి, మిగిలిన జాతులపై నూరేళ్లుగా యుద్ధం సాగిస్తున్నది. ఆ నూరేళ్లూ మంచుగడ్డలో నిద్రపోయిన పన్నెండేళ్ల ఆంగ్ అనే బాలుడు మేలుకోవడంతో కథ మొదలవుతుంది. దక్షిణ ధ్రువపు జలజాతికి చెందిన కటారా, సొక్కా అనే అక్కాతమ్ముళ్లలాంటి అన్నాచెల్లెళ్లు (వయసులో సొక్కాయే పెద్దవాడు, బాధ్యతలో కటారాయే పెద్దది) అతడిని కనుగొని వెంట నడుస్తారు.

ఇంతవరకు చెప్పినది వింటే మనం చిన్నప్పటి నుంచి చూసిన మంత్రతంత్రాల కథలాగే అనిపిస్తుంది. తేడా ఎక్కడ ఉన్నదో మా బాపు మాటలోనే దొరికింది. మన జానపద కథల్లో మాంత్రికుడు చేయి చాపితే నిప్పు పుడుతుంది. ఆ చేయి ఎలా చాపాడన్నది ఎవరికీ అక్కర లేదు. ఇక్కడ మాత్రం అద్భుతం ఎంత పెద్దదైనా అది అడుగుతోనే పుడుతుంది. పాదం ఎక్కడ పడింది, నడుము ఎటు తిరిగింది, శ్వాస ఎప్పుడు వదిలారు అన్నదానిపైనే నీరు లేస్తుందా, రాయి కదులుతుందా అన్నది ఆధారపడి ఉంటుంది. ఇందుకోసం సిఫు కీసు అనే యుద్ధకళల గురువును సలహాదారుగా పెట్టుకొని, ఒక్కొక్క భూతానికి ఒక్కొక్క చైనా యుద్ధకళను ఎంచుకొన్నారు. నీటికి తాయ్ చీ, నేలకు హుంగ్ గార్, నిప్పుకు ఉత్తర షావోలిన్, గాలికి బాగ్వాజాంగ్. ఈ పేర్లేవీ మా బాపుకు తెలియవు. అయినా మాట వినకుండా, చేతి నుంచి నీరో నిప్పో రాకముందే, నిలబడిన తీరు చూసి ఎవరు ఏ జాతివాళ్లో ఆయన చెప్పగలిగేవాడు.

బాగ్వాజాంగ్‌లో సాధకుడు వలయాకారంగా నడుస్తూ, ఎదుటివాడి బలానికి అడ్డు నిలవకుండా పక్కకు జరుగుతాడు. అందుకే ఆంగ్ ఎప్పుడూ ఒకచోట నిలవడు. తాయ్ చీలో తోయడం, లాగడం ఒకే కదలికకు రెండు కొసలు. కటారా చేతులు చెరువులో నీళ్లు తోడినట్టు వెనక్కి వచ్చి ముందుకు పోతాయి, ఎదుటివాడు విసిరిన నీరే తిరిగి వాడి మీదకు పోతుంది. హుంగ్ గార్‌లో మోకాళ్లు వంచి, గుర్రమెక్కినట్టు కిందికి కూర్చున్న భంగిమే పునాది. ఉత్తర షావోలిన్‌లో కాళ్లు దూరం చాస్తాయి, దెబ్బ ముందుకే పోతుంది, ఆగదు. అంధురాలైన టాఫ్ అనే పన్నెండేళ్ల అమ్మాయి కోసం మాత్రం చూ గార్ అనే దక్షిణాది శైలిని ప్రత్యేకంగా తీసుకొన్నారు. ఆమె చెప్పులు వేసుకోదు. అరికాళ్ల ద్వారా నేల కంపనాన్ని పసిగట్టి చుట్టూ ఉన్నదంతా గుర్తుపడుతుంది. ఆమె మొదటిసారి గోదాలో దిగి, తనకన్నా నాలుగింతలున్న మల్లయోధులను మట్టి కరిపించినప్పుడు మా బాపు తొడ చరిచి, "గా పిల్ల కాలు భూమిల పాతుకున్నది. గామెను ఎవడు జరుపుతడు?" అన్నాడు.

ఇన్ని వివరాలు చెప్పడానికి కారణం ఉంది. ఈ ధారావాహిక ఆకర్షణకు కారణమడిగితే చాలామంది కథ అనో, హాస్యం అనో, బొమ్మలు అనో చెబుతారు. అవన్నీ నిజమే. నా దృష్టిలో మాత్రం అసలు కారణం సాధన. ఇందులో ఎవరికీ ఏ శక్తీ వరంగా చేతికి రాదు. పుట్టుకతో వచ్చేది అర్హత ఒక్కటే. మిగిలినదంతా చెమటోడ్చి నేర్చుకోవలసిందే. నేర్చుకోవడంలో తడబాటు, విసుగు, అసూయ, గురువు మీద కోపం, తొందరపాటువల్ల జరిగే హాని, ఇవే ఎపిసోడ్ తరువాత ఎపిసోడ్‌కు వస్తువు. మొదటి కాండలోనే యుద్ధం విడిచి వచ్చిన ఒక అగ్నివిద్యా గురువు ఆంగ్‌కు ముందు శ్వాస నేర్పబోతాడు, నిప్పు తరువాత అంటాడు. ఆంగ్ ఆగలేక నిప్పుతో ఆడుకొంటాడు. కటారా చేతులు కాలుతాయి. ఆ ఒక్క తప్పిదానికి భయపడి ఆ బాలుడు మూడో కాండ మధ్యదాకా నిప్పు జోలికి పోడు. పిల్లల కార్యక్రమంలో ఒక తప్పు ఫలితాన్ని ఇన్ని ఎపిసోడ్ల దూరం మోయించడం నేను మరెక్కడా చూడలేదు.

ఈ సన్నివేశం నాకు బలంగా తగలడానికి ఇంటి కారణం కూడా ఉంది. రెండేళ్ల కింద మా అబ్బాయిని ఒక కరాటే శిక్షణ కేంద్రంలో చేర్పించాము. మూడు నెలలకొకసారి పరీక్ష పెట్టి, ప్రతి పరీక్షకూ రుసుము తీసుకొని, ప్రతిసారీ కొత్త రంగు బెల్టు కట్టి పంపారు. ఏడాదిలో నాలుగు రంగులు మారాయి. ఒకరోజు మా బాపు వాణ్ని ముందుకు పిలిచి, మోకాళ్లు వంచి నిలబడమని ఇరవై లెక్కపెడితే, పన్నెండుకే కాళ్లు వణికి కూలబడ్డాడు. ఆ పిల్లవాడి కళ్లలో కనిపించిన సిగ్గు నాకు ఇంకా గుర్తున్నది. తప్పు వాడిది కాదు. నిలబడటం ఎలాగో నేర్పకుండానే కొట్టడం నేర్పారు.

అందుకే రెండో కాండ తొమ్మిదో ఎపిసోడ్‌ను నేను ప్రత్యేకంగా చెప్పదలచుకొన్నాను. గాలి విద్యలో ఆరితేరిన ఆంగ్ నేల విద్య నేర్చుకోబోయి మొదటి రోజే ఓడిపోతాడు. టాఫ్ కొండవాలు మీది నుంచి బండరాయిని దొర్లించి, ఎదురు నిలబడి ఆపమంటుంది. అతడు చివరి క్షణంలో పక్కకు దూకుతాడు. పిరికితనం వల్ల దూకలేదు. పక్కకు జరగడమే అతడు పుట్టినప్పటి నుంచి నేర్చుకొన్నది. ఒక విద్యలోని నేర్పే మరో విద్యకు అడ్డు పడుతుందన్న ఈ సత్యం సంగీతం నేర్చుకొన్నవారికీ, ఒక భాష నుంచి మరో భాషకు మారినవారికీ, ఏ పనిలోనైనా ఉస్తాద్‌ను మార్చినవారికీ వెంటనే అర్థమవుతుంది. చివరకు అతడికి విద్య పట్టుబడేది రాయిని ఎత్తడం వల్ల కాదు. ఆపదలో ఉన్న స్నేహితుడి ముందు కదలకుండా నిలబడి, తరువాత అదే మొండితనంతో గురువుకే ఎదురు చెప్పినప్పుడు. అదే ఎపిసోడ్‌లో మరోచోట జూకో అనే అగ్నిరాకుమారుడికి అతని పెదనాన్న ఐరోహ్ మెరుపును దారి మళ్లించే విద్య నేర్పుతుంటాడు. చేతివేళ్ల నుంచి భుజానికి, భుజం నుంచి పొట్టలోకి, అక్కడి నుంచి రెండో చేతి గుండా బయటికి, గుండెను మాత్రం తాకకుండా పోనివ్వాలని చెబుతాడు. శత్రువులైన జలజాతి సాధకులను గమనించి తానే ఈ కిటుకు కనిపెట్టానంటాడు. శత్రువు దగ్గర కూడా నేర్చుకోవలసింది ఉంటుందని ఉపన్యాసం ఇవ్వకుండా చేతి కదలికతో చెప్పిన తీరు నన్ను ఆశ్చర్యపరిచింది.

జూకో గురించి వేరుగా చెప్పకపోతే ఈ సమీక్ష అసంపూర్ణమవుతుంది. పదమూడేళ్ల వయసులో యుద్ధసభలో, కొత్త సైనికులను బలిపెట్టే వ్యూహం తప్పని నోరు విప్పినందుకు తండ్రే అతణ్ని ద్వంద్వయుద్ధానికి పిలుస్తాడు. ఆ యుద్ధాన్ని వాళ్లు 'అగ్ని కాయ్' అంటారు. తండ్రి మీద చేయి ఎత్తనని మోకరిల్లిన కొడుకు ముఖాన్ని ఆ తండ్రి కాల్చి దేశం నుంచి వెళ్లగొడతాడు. అవతార్‌ను పట్టి తెస్తేనే తిరిగి రానిస్తానంటాడు. మొదటి కాండ తొలి ఎపిసోడ్లలో అతడు కేవలం వెంటాడే శత్రువు. ఈ సంగతి తెలిసిన తరువాత అతని ఎడమకంటి మచ్చను మునుపటిలా చూడలేము. నాకు నచ్చినది అతని మార్పు నేరుగా జరగకపోవడం. రెండో కాండ చివర, మారే అవకాశం చేతిదాకా వచ్చినప్పుడు, అతడు తండ్రిలాంటి పెదనాన్నను వదిలి చెల్లెలు అజూలా పక్షాన నిలబడతాడు. ఆ రోజు మా అబ్బాయి అన్నం తినలేదు. కోరుకొన్న రాజభవనానికి తిరిగి వెళ్లిన తరువాతే, కోరుకొన్నది ఇది కాదని అతడికి తెలుస్తుంది. చివరకు పెదనాన్న గుడారానికి వెళ్లి తెల్లవారేదాకా కూర్చొని, ఆయన కళ్లు తెరవగానే క్షమాపణ మొదలుపెడితే, ఆ మాట పూర్తి కాకుండానే ఆయన లాగి హత్తుకొంటాడు. మా బాపు లేచి నీళ్లు తాగడానికని వంటింట్లోకి వెళ్లి చాలాసేపు రాలేదు.

ఐరోహ్‌కు గొంతు ఇచ్చిన మాకో అనే నటుడు 2006లో, ధారావాహిక నడుస్తుండగానే మరణించారు. రెండో కాండలో యుద్ధంలో చనిపోయిన కొడుకు పుట్టినరోజున ఐరోహ్ చెట్టు కింద ఒక్కడే కూర్చొని పాడే చిన్న కథ ఆయనకు అంకితమైంది. ఆ ఎపిసోడ్‌లో పెద్ద పోరాటమేదీ లేదు.

ఇక నేను అన్నింటికన్నా ఎక్కువగా మాట్లాడాలనుకొన్నది మూడో కాండ పదమూడో ఎపిసోడ్ గురించి. ఓరుగల్లు ప్రాంతంవారు దీన్ని ఊరికే చూడలేరు. ఆంగ్ పక్షంలో చేరిన జూకోకు అకస్మాత్తుగా నిప్పు మందగిస్తుంది. ఇన్నాళ్లూ అతని నిప్పుకు కట్టె కోపమే. కోపం పోయేసరికి మంట కూడా పోయింది. కొత్త ఆధారం వెతుక్కుంటూ ఇద్దరూ అగ్నివిద్యకు మూలపురుషులైన సూర్యయోధుల శిథిల నగరానికి వెళతారు. అక్కడ ఒక మందిరంలో గుండ్రంగా నిలబెట్టిన శిలావిగ్రహాలు కనిపిస్తాయి. ఒక్కొక్క విగ్రహం ఒక్కొక్క భంగిమలో ఉంటుంది. వాటిని విడివిడిగా చూస్తే అలంకారం. వరుసగా చూస్తే ఒక విద్య. ఆ సంగతి ఆంగ్‌కు తడుతుంది. ఇద్దరూ విగ్రహాల వరుసను అనుసరించి అడుగులు వేస్తారు. శిల నుంచి దేహానికి విద్య దిగివస్తుంది.

ఇక్కడ నేను సీరియల్ ఆపేసి, మా వాళ్లకు పాలంపేట సంగతి చెప్పకుండా ఉండలేకపోయాను. అక్కడి రామప్ప గుడి మాకు సుమారు 70 కిలోమీటర్లు. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఆ గుడికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చిందని ఇప్పుడు అందరికీ తెలుసు. ఆ రంగమండపపు స్తంభాల మీద నర్తకులు, మద్దెలలు వాయించేవారు, వీరులు చెక్కి ఉన్నారు. యుద్ధానికి పోయే ముందు శివుని ఎదుట వీరులు ఆడేవారని చెప్పుకొనే పేరిణి నృత్యం కాకతీయుల తరువాత కాలక్రమంలో మరుగున పడింది. గణపతిదేవుని గజసేనకు అధిపతి అయిన జాయప సేనాని 13వ శతాబ్దంలో రాసిన నృత్తరత్నావళిలోని వర్ణననూ, రామప్ప శిల్పాలనూ ఆధారం చేసుకొని ఆచార్య నటరాజ రామకృష్ణ 20వ శతాబ్దంలో దాన్ని మళ్లీ రంగం మీదికి తెచ్చారు. శిలలో నిలిచిన భంగిమ నుంచి మరో భంగిమకు మధ్య ఏ కదలిక ఉండి ఉంటుందో ఊహించి, దేహంతో పరీక్షించి, తాళానికి సరిపోతుందో లేదో చూసుకొంటూ పోవడం ఎంతటి ఓపిక కావాలో తలచుకొంటే చేతులు జోడించాలనిపిస్తుంది. సూర్యయోధుల మందిరం రూపకర్తలకు మన గుడి తెలిసి ఉండాలని నేను అనడం లేదు. ఆ కట్టడాల తీరు మధ్య అమెరికా పిరమిడ్లను పోలి ఉంది. కానీ ఒక జాతి పోయినా దాని విద్య రాతిలో బతికి ఉంటుందన్న భావం మన ప్రాంతంలో అక్షరాలా జరిగినది గనుక, ఆ దృశ్యం మనకు కల్పనలా కనిపించదు.

ఆ ఎపిసోడ్ అక్కడ ఆగదు. ఆ విగ్రహాలు నేర్పిన అడుగులనే వాళ్లిద్దరూ ఇంకా బతికి ఉన్న రెండు మహాసర్పాల ఎదుట, ప్రాణభయంతో ఆడాల్సి వస్తుంది. ఆ డ్రాగన్లు వాళ్ల అడుగుకు అడుగు కలిపి గాలిలో తిరిగి, చివరకు ఇంద్రధనుస్సు రంగుల మంటను సుడిగా చుట్టి చూపుతాయి. నిప్పు అంటే నాశనం కాదనీ, సూర్యుడిలా ప్రాణమిచ్చేదనీ ఆ ఇద్దరు పిల్లలకు ఒక్క మాట లేకుండా తెలుస్తుంది. తిరిగి వచ్చి స్నేహితులకు చేసి చూపితే వాళ్లు ఇది నాట్యంలా ఉన్నదే అని నవ్వుతారు. జూకో ఇది వేల ఏళ్ల యుద్ధవిద్య అని రోషపడతాడు. పేరేమిటని అడిగితే నాట్యమాడే డ్రాగన్ అని ఒప్పుకోక తప్పదు. నాట్యానికీ యుద్ధానికీ మధ్య గీత గీయడం మన పేరిణి చూసినవారికీ, కర్రసాము చూసినవారికీ అనవసరం. డోలు దెబ్బ లేనిదే కర్ర తిరగదని మా బాపు ఎప్పుడూ అంటాడు.

మానవాతీతమైన రెండో పార్శ్వం, అంటే ఆత్మల లోకం, యుద్ధకళల పార్శ్వమంత నిలకడగా లేదు. కొన్ని ఎపిసోడ్లలో ఆ లోకపు నియమాలు కథ అవసరాన్ని బట్టి మారతాయి. కానీ మొదటి కాండ ముగింపు గొప్పది. ఉత్తర ధ్రువంలో చంద్రుడూ సముద్రమూ రెండు చేపల రూపంలో ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతుంటాయి. అగ్నిరాజ్య సేనాని చంద్రమత్స్యాన్ని చంపగానే ఆకాశంలో వెన్నెల పోయి, జలజాతి విద్య అంతా ఆగిపోతుంది. పసితనంలో ఆ చంద్రుడి వల్లనే ప్రాణం నిలిచిన యువే అనే రాకుమారి తన ప్రాణాన్ని తిరిగి ఇచ్చి తానే చంద్రుడవుతుంది. గదిలోకి వస్తూ పోతూ చూస్తున్న మా అమ్మ అక్కడ ఆగి, "దేవతైంది" అని దండం పెట్టుకొన్నది. ఎవరూ వివరించనక్కర లేకపోయింది. మాఘ పున్నమికి మేడారం పోయేవాళ్లకు, పోరాడి నెత్తురోడిన సమ్మక్క చిలుకలగుట్ట మీదికి పోయి కుంకుమభరిణె అయిందని నమ్మి మొక్కేవాళ్లకు, మనిషి దేవత కావడంలో వింత ఏముంటుంది?

తెలుగు ప్రేక్షకుడికి అడుగడుగునా తెలిసిన మాటలు ఎదురవుతాయి. అవతార్, అగ్ని, బూమి అనే పేరుగల రాజు, పథిక్ అనే గురువు. అవతారం అనగానే మనకు దశావతారాలు గుర్తుకు వస్తాయి గాని, ఈ కథలోని పద్ధతి టిబెట్ బౌద్ధానికి దగ్గర. వేలాది ఆటవస్తువుల నుంచి పసివాడైన ఆంగ్ నాలుగింటిని ఏరుకోగా, అవి వెనుకటి జన్మలవి కావడంతో అతణ్ని గుర్తిస్తారు. నాలుగు భూతాలే ఎందుకు, ఐదోది ఏమైంది అన్న ప్రశ్న పంచభూతాలు తెలిసిన మా ఇంట్లో మొదటి రోజే వచ్చింది. నాకు దొరికిన జవాబు రెండో కాండ పందొమ్మిదో ఎపిసోడ్‌లో ఉంది. గురు పథిక్ ఆంగ్‌కు ఏడు చక్రాల గురించి చెబుతాడు. మూలాధారం నేల, దానికి అడ్డం భయం. స్వాధిష్ఠానం నీరు, అపరాధభావం. మణిపూరకం నిప్పు, సిగ్గు. అనాహతం గాలి, దుఃఖం. ఐదోది శబ్దచక్రం, దాన్ని మూసేది మనకు మనం చెప్పుకొనే అబద్ధం. మన సంప్రదాయంలో విశుద్ధచక్రం ఆకాశానిది, శబ్దం ఆకాశపు గుణం. పేరు చెప్పకపోయినా ఐదో భూతం అక్కడ ఉన్నది. ఒక్కొక్క చక్రానికి ఒక్కొక్క మనోవికారాన్ని జోడించడం రచయితల సొంత కల్పన అయినా, పిల్లలకు అర్థమయ్యేలా చెప్పడానికి అది బాగా పనికివచ్చింది.

అయితే ఇదే చోట నాకు బలమైన ఫిర్యాదు కూడా ఉంది. చైనా, జపాన్, ఉత్తర ధ్రువప్రాంతపు ఇన్యూట్ సంస్కృతుల మీద చూపిన శ్రద్ధ భారతదేశం దగ్గరికి వచ్చేసరికి సన్నగిల్లింది. మనవాడిలా కనిపించే గురువుకు నవ్వు తెప్పించే యాస పెట్టి, ఉల్లిపాయా అరటిపండూ కలిపిన రసం చేతికిచ్చారు. చెప్పిన విషయం అంత లోతైనదైనప్పుడు చెప్పేవాణ్ని విదూషకుణ్ని చేయడం అన్యాయం. మూడో కాండలో నుదుటి మూడో కంటితో పేలుళ్లు సృష్టించే కిరాయి హంతకుణ్ని చూసినప్పుడు, రుద్రేశ్వరుని వేయిస్తంభాల గుడి పక్క ఊళ్లో పెరిగిన నాకు మనసు చివుక్కుమన్నది.

ముగింపు మీద కూడా నాకు అసంతృప్తి ఉన్నది. చంపకూడదన్న నియమం గల ఆంగ్‌కు అగ్నిరాజు ఓజైని చంపక తప్పదని అందరూ, వెనుకటి జన్మల అవతార్లు సైతం, చెబుతారు. ఆ ధర్మసంకటాన్ని రచయితలు చక్కగా బిగించారు. విప్పేటప్పుడు మాత్రం ఒక సింహముఖ మహాకూర్మం వచ్చి, శత్రువు విద్యనే తీసివేసే కొత్త శక్తిని అతని చేతిలో పెడుతుంది. 60 ఎపిసోడ్ల పొడవునా సాధన లేనిదే ఏదీ రాదని నేర్పిన కథ, అసలు ఘడియలో సాధన చేయని శక్తితో గట్టెక్కడం నాకు మింగుడుపడలేదు. అదే సమయంలో మరోచోట జరిగే జూకో, అజూలాల అగ్ని కాయ్ మాత్రం మొత్తం ధారావాహికలోనే ఉత్తమ పోరాటం. ఎర్రని మంటకూ నీలి మంటకూ మధ్య జరిగే ఆ యుద్ధానికి వీరావేశపు సంగీతం పెట్టకుండా, శోకగీతం లాంటి తంత్రీనాదం పెట్టారు. అన్నాచెల్లెళ్లలో ఎవరు గెలిచినా ఓటమే అని ఆ సంగీతం చెబుతుంది.

2024 ఫిబ్రవరి 22న నెట్‌ఫ్లిక్స్‌లో ఇదే కథలోని జలకాండ నటీనటులతో 8 ఎపిసోడ్లుగా వచ్చింది. నగరాలు కళ్లు చెదిరేలా కట్టారు, జూకోగా డల్లాస్ లియూ దేహంలో నిజమైన యుద్ధకళల పట్టు కనిపిస్తుంది. కానీ జలకాండ కథ అంతా నడిచినా ఆంగ్ నీటి విద్య కోసం కూర్చొని సాధన చేయడం దాదాపు లేదు. కదలికతో చెప్పిన సంగతులను మాటలతో చెప్పించారు. మా బాపు రెండో ఎపిసోడ్ మధ్యలోనే, "గీండ్ల కాళ్లు జూపిస్తలేరు, మొకాలే జూపిస్తున్నరు" అని లేచిపోయాడు. నాకు అంతకన్నా మంచి విమర్శ తోచలేదు.

కొత్తగా చూడబోయేవారికి కొన్ని సూచనలు. మొదటి పది పదకొండు ఎపిసోడ్లలో చిన్నపిల్లల హాస్యం పాలు ఎక్కువ. లోయ దాటే రెండు తెగల తగవు గురించిన పదకొండోది వదిలేసినా నష్టం లేదు. పన్నెండోదైన తుఫాను ఎపిసోడ్‌లో ఆంగ్, జూకోల గతం పక్కపక్కనే తెలుస్తుంది. అక్కడిదాకా ఓపిక పట్టండి. ఎనిమిదేళ్ల లోపు పిల్లలను ఒంటరిగా కూర్చోబెట్టవద్దు. ముఖ్యంగా మూడో కాండ ఎనిమిదో ఎపిసోడ్‌లో ఒక ముసలామె మనుషుల ఒంట్లోని నెత్తురునే నీటిలా పట్టి ఆడించే విద్య చూపుతుంది. అది పున్నమి రాత్రి, అడవిలో జరుగుతుంది. మా అబ్బాయి ఆ రాత్రి బాపు పక్కనే పడుకొన్నాడు. అదే కాండలో, కటారా తన తల్లిని చంపిన సైనికుణ్ని వెతుక్కుంటూ పోయే పదహారోది మాత్రం పిల్లలతో కలిసి చూసి, తరువాత కాసేపు టీవీ ఆపి మాట్లాడుకోవలసినది.

మేము ఆ కరాటే కేంద్రం మాన్పించాము. ఇప్పుడు వారానికి రెండు సాయంత్రాలు వాడు డాబా మీద బాపుతో ఉంటాడు. కర్ర ఇంకా చేతికి రాలేదు. మోకాళ్లు వంచి నిలబడటం దగ్గరే ఉన్నారు. నిన్న నలభై దాకా వచ్చింది.